బయటి సామాను

మొన్న మా కొరియర్ ఆఫీసు కౌంటర్ మీద ఒకతను స్వీటు డబ్బా పెట్టి మూత తీశాడు. "తీసుకో అక్కా, మా బాపు అన్‌ఫిట్ అయిండు" అన్నాడు. మొహమంతా నవ్వే. వెనుక నిలబడ్డవాళ్లు అతని వీపు తట్టి, "నీ నసీబు మంచిగుందిరా" అన్నారు. మా ఊరి సంగతి తెలియనివాళ్లు వింటే మాకేదో పిచ్చి పట్టిందనుకుంటారు. తండ్రి ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టర్లు తేలిస్తే కొడుకు పాలకోవా పంచడమేమిటి?

గోదావరిఖనిలో పంచుతాం. బొగ్గుబాయిలో పనిచేసే మనిషిని మెడికల్ బోర్డు పిలిచి, పరీక్షించి, ఇక ఇతను పనికి పనికిరాడని రాస్తే ఆ కొలువు అతని కొడుక్కో బిడ్డకో వస్తుంది. పనిలో ఉండగా చనిపోయినా వస్తుంది. సర్వీసంతా చేసి, మెడలో దండ వేయించుకుని రిటైరైతే మాత్రం ఏమీ రాదు. దానికి తోడు పిల్లలకు వయసు గడువొకటి. అందుకని ఇక్కడి ఆడవాళ్లు ఎములాడ రాజన్న గుడిలో కోడెను కడతామని మొక్కుకునేది మొగుడి జబ్బు తగ్గాలని కాదు, బోర్డు ఆ జబ్బును నమ్మాలని. మా అమ్మా మొక్కింది. మా నాన్న అన్‌ఫిట్ అయ్యాడు, మా తమ్ముడికి కొలువొచ్చింది, మేమందరం వెళ్లి కోడెను కట్టి వచ్చాం. ఆ కొలువు మీదే మా ఇంట్లో పొయ్యి వెలిగింది కాబట్టి ఇంకొకళ్లను అనడానికి నాకు నోరు లేదు.

అయినా మొన్న ఆ కోవా ముక్క నోట్లో పెట్టుకోలేకపోయాను. ట్యాంకు కాక గుర్తొచ్చాడు.

ఆయనకు అసలు పేరుంది. పార్సిళ్ల మీద ఎన్నిసార్లు చదివానో. కానీ ఆ ఇల్లు ఇంకా ఇక్కడే ఉంది, ఆ మనుషులు ఇంకా ఈ వీధుల్లోనే తిరుగుతున్నారు కాబట్టి ఇక్కడ రాయను. ఊరంతా ట్యాంకు కాకే అనేది. భూగర్భ గనిలో ఫిట్టరు. పంపులు, గాలిగొట్టాలు, వాల్వులు ఆయన పని. పొట్టి మనిషి, ఒక భుజం కొంచెం కిందికి. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చేవాడు. ఎంత రుద్దినా కనురెప్పల అంచున బొగ్గు మిగిలిపోయి, కాటుక పెట్టుకున్నట్టుండేది. అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఈయన చిన్న స్క్రూడ్రైవరు, అరగదీసే ఆకురాయి, తెల్లటి టేపు చుట్ట పెట్టుకునేవాడు.

చేతులు వణికేవి. మామూలుగా కాదు, చాయ్ గ్లాసు ఇస్తే సగం సాసర్లోకే పోయేది. వణుకు కనబడకుండా రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడేవాడు. కానీ ఆ చేతులకు ఒక మర ఇచ్చి చూడండి. చంటిపిల్ల నోట్లో పాలపీక పెట్టినట్టు టక్కున ఊరుకునేవి. ఆ వింత నేను చాలాసార్లు చూశాను. వణికే చేత్తో జేబులోంచి స్క్రూడ్రైవరు తీసేవాడు, దాని మొన మర గాడిలో కూర్చోగానే ఆ చేయి వేరే మనిషిదైపోయేది.

ఇంకొక రోగం కూడా ఉండేది ఆయనకు. ఎక్కడ ఏ చప్పుడు వినబడ్డా ఆగలేడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మెడ వంచి, "ఏదో కొట్టుకుంటాంది బిడ్డా" అనేవాడు. మా ఆఫీసు టేబుల్ ఫ్యాను ఏళ్ల తరబడి కిర్రుమంటూ తిరుగుతుండేది. అది నాకు అలవాటైపోయింది, అది లేకపోతే నిద్రొచ్చేలా ఉండేది. ఒకరోజు నేను లోపల పార్సిళ్లు సర్దుతుంటే ఈయన కౌంటర్ ఇవతలికొచ్చి దాన్ని విప్పి కూర్చున్నాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు కాకా? అది తిరుగుతాంది, నాకు గాలొస్తాంది. నీకేమైంది?" అన్నాను.

"తిరుగుతాంది గని ఏడుస్తాంది బిడ్డా. వినబడ్తలేదా నీకు?"

ఆ తర్వాత మా ఆఫీసులో తలుపు గొళ్లెం, నా కుర్చీ కాలు, స్టాంపు పెట్టె మూత, చివరికి పక్కనున్న పాన్‌డబ్బా షట్టరు కూడా ఏడుపు మానేశాయి. ఎవరూ అడగలేదు. అడగకుండానే చేయడం ఆయన పద్ధతి. తిట్టినా నవ్వేవాడు.

ట్యాంకు ఆయన కొన్నది కాదు. కొడుకు హైదరాబాదులో ఒక పెద్ద మాల్‌లో బొమ్మల దుకాణంలో పనిచేసేవాడు. ఆ దుకాణం మూతపడ్డప్పుడు అద్దాల వెనుక ఆడించి చూపించే ట్యాంకొకటి పాడైపోయి ఉంటే, పారేస్తున్నారని తెచ్చుకున్నాడు. కొలువు లేకుండా ఇంటికొచ్చిన కొడుకు చేతిలో బట్టల సంచి, చంకలో ట్యాంకు. ఎప్పటిదో పెద్ద యుద్ధంలో జర్మనీవాళ్లు నడిపిన ట్యాంకట. దాన్ని కొలత తప్పకుండా చిన్నది చేసి, కూర్చునే పీటంత బొమ్మగా చేశారు. రిమోటుతో నడుస్తుంది, పైన ఫిరంగి గొట్టం తిరుగుతుంది, వెనుక నుంచి పొగ కూడా వస్తుంది. కొడుకు దాన్ని మంచం కింద పడేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తండ్రి తెల్లారి దాన్ని బయటికి లాగి బోర్లించి చూసి, "గేరు పళ్లు అరిగినయి" అన్నాడట. అదీ మొదలు.

బొమ్మతో పాటు వచ్చే భాగాలన్నీ ప్లాస్టిక్. వాటిని తీసేసి వేరేవాళ్లు చేసి అమ్మే ఇనుప భాగాలు వేసుకోవచ్చని కొడుకు ఫోన్లో చూసి చెప్పాడు. ఆర్డరు పెట్టడం కొడుకు పని, బిగించడం తండ్రి పని. తెచ్చి ఇవ్వడం నా పని. మొదట వచ్చింది ఇనుప చైన్లు, ట్యాంకు రెండు వైపులా చక్రాల మీద తిరిగేవి. పార్సిల్ చేతిలోకి తీసుకుంటే గలగలమంది.

"ఏంది కాకా, చిన్నమ్మకు పట్టీలు తెప్పించినవా?" అన్నాను. ఆయన భార్యను నేను అట్లాగే పిలుస్తాను.

"పట్టీలే బిడ్డా. గని గీ పిల్ల కాళ్లు బరువున్నయి" అని అక్కడే విప్పి, చైనులో ఒక్కో కడీ వేలితో వంచి చూసుకున్నాడు.

ఇనుప చైను వేస్తే, దాన్ని తిప్పే ప్లాస్టిక్ పళ్ల చక్రాన్ని అది కొరికేసింది. చక్రం ఇనుముది తెప్పించాడు. బరువు పెరిగి చక్రాలను మోసే కమ్మీలు విరిగాయి. కమ్మీలు మార్చాడు. అప్పుడు లోపల గేరుబాక్సు మూలగడం మొదలుపెట్టింది. మోటార్లు పెద్దవి వేశాడు. మోటార్లు లాగే కరెంటుకు లోపలి బోర్డు కాలి, వెనుక గొట్టంలోంచి రావలసిన పొగ బొమ్మ నడుమ నుంచి వచ్చింది. ఆ రోజు ఆయన సంతోషం చూడాలి. ఒకటి గట్టిపడితే దాని పక్కది విరుగుతుంది, విరిగితే ఇంకొక పార్సిల్. నాకు చిరాకొచ్చి, బొమ్మ ఎట్లా ఉన్నది అట్లా ఆడించుకోవచ్చు కదా అంటే తల అడ్డంగా ఊపాడు.

"కంపెనీ సామాను నమ్మొద్దు బిడ్డా. బయటి సామానే గట్టిది."

"కంపెనీ జీతం తిని కంపెనీని తిడ్తవా కాకా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. మా ఊళ్లో కంపెనీ అంటే ఒక్కటే, బొగ్గు కంపెనీ. ఆయన చేతులు చంకల్లో దాచుకుని, కళ్లు మూసుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు. దగ్గొస్తే మాత్రం చాలాసేపు ఆగేది కాదు.

బయటి సామాను ఏదీ సరిగ్గా సరిపోదు. రంధ్రం ఒకచోట ఉంటే మర ఇంకొకచోట ఉంటుంది. అంచు వెంట్రుకవాసి లావుంటుంది. వేరేవాళ్లయితే తిప్పి పంపమని నా ప్రాణం తీస్తారు. ఈయన ఆకురాయి తీసి గీకడం మొదలుపెట్టేవాడు. "ఫిట్ కాకపోతెనే కద ఫిట్టరు అక్కరపడేది" అనేవాడు. గీకి, ఊది, పెట్టి చూసి, మళ్లీ గీకి, చివరికి అది టక్కుమని కూర్చున్నప్పుడు, "అగో, ఫిట్టయింది" అనేవాడు నాకు చెప్పినట్టుగా కాదు, తనకు తాను.

సాయంత్రాలు క్వార్టర్ల వెనుక మైదానంలో ట్యాంకు నడిచేది. రిమోటు కొడుకు చేతిలో ఉండేది. కాక దాని వెంట, దూడ వెంట నడిచినట్టు నడుము వంచి, చెవి కిందికి పెట్టి నడిచేవాడు. అది రాళ్లకుప్ప ఎక్కేది, గోతిలో దిగి లేచేది. ఒకసారి పార్సిల్ ఇవ్వడానికి వెళ్లి నేనూ కొంతసేపు నిలబడి చూశాను.

"ఎడమదిక్కు కొట్టుకుంటాందిరా?"

"లేదు బాపు. చైను వదులైంది."

"ఆపు, బిగిస్త."

అంతే మాటలు. ముప్పై దాటిన కొడుకు, అరవైకి దగ్గరపడ్డ తండ్రి. కొలువు గురించి, పెళ్లి గురించి, హైదరాబాదు గురించి వాళ్లిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదట. చిన్నమ్మ వెనుక గుమ్మంలో బియ్యం ఏరుతూ, "గీ ఇనుప బిడ్డ లేకపోతె మా ఇంట్ల తండ్రి కొడుకులు మూగోళ్లే" అంది. ఎగతాళిగానే అంది గాని ఆమె కళ్లు ఇద్దరినీ వదలలేదు.

కొడుక్కి వయసు గడువు దగ్గరపడుతున్నది. కాకకు రిటైర్మెంటు దగ్గరపడుతున్నది. బోర్డు పిలుపు రావాలి, వచ్చి అన్‌ఫిట్ కావాలి, ఈ రెండు గడువుల్లో ఏది ముందొచ్చినా ఇక అంతే. చివరికి పిలుపొచ్చింది. అబద్ధం ఆడవలసిన అవసరం కూడా లేదు ఆ మనిషికి. మా ఆఫీసు ముందున్న నాలుగు మెట్లు ఎక్కి ఊపిరి కోసం గోడ పట్టుకునేవాడు. కానీ కాలనీ ఊరుకుంటుందా? ఒక్కొక్కరు ఒక్కో సలహా. రాత్రంతా నిద్రపోవద్దని ఒకరు, కడక్ చాయ్ తాగిపొమ్మని ఒకరు. స్క్రూడ్రైవరు ముట్టుకోనివ్వద్దు, చేతులు మంచిగా వణకాలె అని ఇంకొకరు. చిన్నమ్మ ట్యాంకును చీరలో చుట్టి సజ్జ మీద పెట్టేసింది.

బోర్డుకు వెళ్లే ముందురోజు కాక నా దగ్గరికొచ్చాడు. ఆయనకోసం స్టీలు పళ్ల గేరుబాక్సొకటి వచ్చి ఉంది. పెట్టెను వేళ్లతో ఒకసారి తడిమి వెనక్కి నెట్టాడు.

"నీ తానె ఉండనియ్యి బిడ్డా. బోర్డు అయినంక తీస్కపోత. ఇంట్ల చూస్తె మీ చిన్నమ్మ పానం తీస్తది."

వెళ్లలేదు. చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాడు. భయపడుతున్నాడని అర్థమైంది.

"బిడ్డా, మీ నాయిన బోర్డుకు పోయినప్పుడు ఏం జేసిండు?"

"ఏం జెయ్యలే కాకా. ఊదమంటె ఊదిండు. అడిగినదానికి చెప్పిండు. ఊకున్నడు."

"గంతేనా?"

"గంతే. నువ్వు గూడ ఊకుండు. నీ రోగమే చెప్తది."

"ఊకుంట" అన్నాడు బడిపిల్లవాడిలాగా.

మర్నాడు ఏం జరిగిందో ఆయన నోటితోనే విన్నాను. బోర్డులో ఊపిరి చూసే మిషనుంది. గొట్టంలోకి ఊదితే సూది లేస్తుంది. గొట్టం మిషనులో దూరేచోట బిగుతు తప్పి, ఊదినప్పుడల్లా గాలి పక్కనుంచి సుయ్యిమని పోతున్నది. అది లైన్లో ఉన్న ప్రతివాడికీ వినబడింది. అందరూ బాయి మనుషులే, గాలి ఎక్కడ పోతున్నదో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఎవరూ కిమ్మనలేదు. ఒకాయన మెల్లగా, "అంత రాజన్న దయ" అని కూడా అన్నాడట. ముందు ఊదినవాళ్లు సంతోషాన్ని మొహం మీద కనబడనీయకుండా బయటికి వెళ్లిపోయారు. కాక వంతు వచ్చింది. ఊదాడు. సూది కాస్త కదిలి పడిపోయింది.

"డాక్టరు సారు రాస్తుండె బిడ్డా" అన్నాడు కాక, నా కౌంటరు చెక్క మీద చూపు పెట్టి. "కాయితం మీద పెన్ను పెట్టిండు. నా ఎనుకటాయన ఊదవట్టె. నా చెవుల సుయ్, సుయ్. ఊకున్న. దేవుని మీద ఒట్టు, ఊకున్న. మీ చిన్నమ్మను యాది చేస్కున్న. పోరని యాది చేస్కున్న. నాలిక పండ్ల నడుమ పెట్టి కొరుక్కున్న. మల్ల సుయ్ మన్నది. ఇగ నోరు నాది కానట్టె, 'సార్, జాయింటు కాడ గాలి పోతాంది' అన్న."

"అని?"

"సారు, 'అవునా, మిషను చూసే మనిషిని పిలుస్త' అన్నడు. గాయన వచ్చేదాక ఆగినా, సారు నాది రాసుడు అయిపోతుండె. జేబుల టేపున్నది బిడ్డా. రెండు చుట్లు చుట్టిన, బిగించిన. చప్పుడు బందయింది."

నేను తల పట్టుకున్నాను.

"మల్ల ఊదుమన్నడు. ఊదిన. సూది లేచింది."

"ఎంత లేచింది కాకా?"

"పనికి సరిపొయ్యేంత."

అన్నిటికంటే ఆ సంగతే తనను కాలుస్తున్నట్టు చెప్పాడు. "సారు నా భుజం తట్టి, నీ చేతుల మంచి పనితనం ఉన్నది పెద్దాయనా అన్నడు. నవ్విన బిడ్డా. మెచ్చుకుంటె నవ్విన. గంత ఎడ్డోన్ని."

ఫిట్ అని రాశారు. ఆయన ఒక్కడికే కాదు, ఆయన వెనుక లైన్లో నిలబడినవాళ్లకు కూడా చాలామందికి. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆఫీసులో మనుషులున్నారన్నది కూడా మరిచిపోయి అరిచాను. కన్నకొడుకు బతుకు, చేతులారా, రెండు చుట్ల టేపుతో మూసేసి వచ్చాడు. ఒక్క నిమిషం నోరు మూసుకోలేవా అని అడిగాను. ఆయన నావైపు చూసిన చూపులో తప్పు చేసినవాడి సిగ్గుంది, కానీ అంతకంటే ఎక్కువగా అర్థంకానితనముంది.

"శబ్దమొస్తుంటె ఎట్ల ఊకుంట బిడ్డా?"

ఇంటికెళ్లి మా నాన్నకు చెప్పాను, ఈ మూర్ఖుణ్ణి నాతోపాటు ఆయన కూడా తిడతాడని. ఆయనా కాకా ఒకే బాయిలో పనిచేసినవాళ్లు. మా నాన్న మంచంలో లేచి కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "బాయిల చప్పుడు విని ఊకున్నోడు పైకి రాడు బిడ్డా. ఒకపారి పైకప్పు చిటుక్కుమన్నది. మేం సద్ది తింటున్నం, ఎవనికీ వినబడలే. వాడే ఒర్లిండు. ఉరికినం. మేం కూసున్న జాగల గుట్టంత బొగ్గు పడ్డది." అంతే, మళ్లీ పడుకున్నాడు. నాకు కాక మీద కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆ రోజు నుంచి తెలియకుండా పోయింది.

కాలనీకి ఆ ఇబ్బంది లేదు. కోపం ఎక్కడ పెట్టాలో వాళ్లకు బాగా తెలుసు. మా పిలగాని నోట్లె మట్టి కొట్టిండని ఒకామె నల్లా దగ్గర చిన్నమ్మ బిందెను పక్కకు జరిపేసింది. పెళ్లికి పిలిచేవాళ్లు ఆ ఒక్క గుమ్మం దాటుకుని వెళ్లారు. షిఫ్టులో ఆయన పక్కన సద్ది విప్పేవాళ్లు లేకపోయారు. మళ్లీ బోర్డు పెట్టించుకోవాలని కాక తిరగని గడప లేదు. ఫిట్ అని రాసినవాణ్ణి మళ్లీ ఎందుకు పిలుస్తారు, అందులోనూ రిటైర్మెంటు ఇంత దగ్గరగా ఉండగా?

కొడుకు అరవలేదు, తిట్టలేదు. మాట్లాడటం మానేశాడు. ఓపెన్ కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద కూలికి కుదిరాడు. వచ్చేవాడు, తినేవాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. తండ్రి ఉన్న గదిలోంచి చెప్పులు కూడా వేసుకోకుండా లేచి వెళ్లిపోయేవాడని చిన్నమ్మ ఏడ్చింది. "కొట్టుకున్నా మంచిగుండు బిడ్డా. గీ సప్పుడు లేకుంట ఉండుడు నాతోని అయితలేదు."

అప్పుడు కాక ఏం చేశాడంటే, నా దగ్గర ఉంచిన గేరుబాక్సు తీసుకెళ్లాడు. ఆర్డర్లు పెట్టమని కొడుకును అడగలేడు కాబట్టి నన్ను పెట్టమన్నాడు. నేను తిట్టుకుంటూనే పెట్టాను. చైను బిగువు సరిచేసే మరలు వచ్చాయి, కొత్త సర్క్యూట్ బోర్డు వచ్చింది, ఇనుప గొట్టం వచ్చింది. ఆ ట్యాంకులో ఇంకా మారనిది ఏమైనా ఉంటే అది పై తొడుగు ఒక్కటే. ఆయన లెక్క ఏమిటో నాకు తెలుసు. బండి మంచిగా తయారైతే, ఎవరూ చూడనంత మంచిగా తయారైతే, కొడుకు చేయి దానంతటదే రిమోటు మీదికి వస్తుంది. అంతకంటే పెద్ద ఆశ ఆయన దగ్గర మిగల్లేదు. అది కూడా పోతే ఆ మనిషికి ఇంకేముంది అని నాకు భయం వేసేది.

ఒక ఆదివారం పొద్దున నన్ను రమ్మని కబురు పంపాడు. వెళ్లేసరికి మైదానంలో ట్యాంకు పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. ఎండలో ఇనుమంతా నల్లగా మెరుస్తున్నది. నిజంగానే ముద్దుగా ఉంది. రిమోటు ఆయన చేతిలో ఉంది. పుల్లను బొటనవేలితో నెట్టాడు. ట్యాంకు కదిలింది, ఆగింది, ఎడమకు తిరిగింది, ఉలిక్కిపడ్డట్టు వెనక్కొచ్చింది. నాకు అప్పుడర్థమైంది. మర బిగించేటప్పుడు ఆగిపోయే ఆ వణుకు, రిమోటు పుల్ల మీద ఆగలేదు. బిగించడానికి ఏమీ లేదు కదా అక్కడ, మెల్లగా నెట్టి వదలడమే. ఆయన వేలిలో ఉన్న వణుకంతా ట్యాంకు చైన్లలోకి దిగింది.

"నువ్వు నడుపు బిడ్డా" అని రిమోటు నాకిచ్చాడు.

నాకేం వచ్చు? నేరుగా తీసుకెళ్లి రాళ్లకుప్పకు గుద్దించాను. కాక నడుము వంచి దాని వెంట నడవబోయి, నాలుగడుగులకే ఊపిరి ఆడక నేల మీద కూర్చున్నాడు. దగ్గు. ఆ దగ్గు మధ్యలోనే మెడ తిప్పి క్వార్టరు వైపు చూశాడు. వెనుక గుమ్మంలో కొడుకు నిలబడి ఉన్నాడు. ట్యాంకును చూస్తున్నాడు, తండ్రిని కాదు. ఒక్క అడుగు కిందికి దిగినట్టే అనిపించింది నాకు. దిగలేదు. లోపలికి వెళ్లిపోయాడు. తలుపు వేసిన చప్పుడు మైదానం దాకా వినబడింది.

"గేరు మంచిగున్నది. ఏం కొట్టుకుంటలేదు" అన్నాడు కాక, నేల మీది నుంచి లేవకుండానే. నేను ట్యాంకును ఎత్తి ఆయన పక్కన పెట్టాను. చాలా బరువుంది.

రిటైర్మెంటు రోజు ఆనవాయితీ ప్రకారం దండలేశారు, శాలువా కప్పారు, డప్పులతో ఇంటిదాకా తీసుకొచ్చారు. వచ్చినవాళ్లు తక్కువ. బంతిపూల దండల్లో ఆ మొహం చిక్కిపోయి పిల్లవాడి మొహంలా ఉంది. మా నాన్న వెళ్లి వాటేసుకున్నాడు. చిన్నమ్మ హారతి పట్టింది గాని ఎవరివైపూ చూడలేదు. కొడుకు డ్యూటీకి పోయాడు.

తర్వాత ఎక్కువ రోజులు పట్టలేదు. ఒకరోజు కాకకు ఊపిరి అందకపోతే కొడుకే భుజాన వేసుకుని ఆటో ఎక్కించి కరీంనగర్ తీసుకెళ్లాడు. దారిలోనూ మాట్లాడలేదట. దవాఖానలో మంచం పక్కన స్టూలు మీద పగలూ రాత్రీ కూర్చున్నాడు, నీళ్లు తాగించాడు, బట్టలు మార్చాడు, నోరు మాత్రం విప్పలేదు. అక్కడి డాక్టరు ఫిల్ములు వెలుతురుకు పెట్టి, రెండు ఊపిరితిత్తులూ ఎప్పుడో పోయాయని, ఇన్నాళ్లు బాయిలో ఎలా పనిచేశాడో తనకు అర్థం కావడంలేదని అన్నాడట. ఆ మాట మాకు చెబుతూ చిన్నమ్మ నవ్వింది. అట్లాంటి నవ్వు నేను మళ్లీ చూడలేదు, చూడాలని కూడా లేదు.

నేను చూడటానికి వెళ్లినప్పుడు కాక మూతి మీద ఆక్సిజన్ తొడుగుంది. దాన్ని పక్కకు జరిపి, "కుడి చైను జెర వదులు చెయ్యాలె, పోరనికి చెప్పు" అన్నాడు. కొడుకు మంచానికి ఇవతలే కూర్చుని ఉన్నాడు. చేయి చాపితే తగిలేంత దూరంలో. నేను అతనివైపు తిరిగి, "కుడి చైను వదులు చెయ్యాలెనట" అని చెప్పాను. అతను తల ఊపాడు. కాక కళ్లు మూసుకున్నాడు.

శవాన్ని క్వార్టరు ముందు పడుకోబెట్టిన రోజు కాలనీ అంతా వచ్చింది. కోపాలున్నవాళ్లు కూడా వచ్చారు. చావుకు రాకుండా ఉండటం మా దగ్గర లేదు. చిన్నమ్మ అప్పటిదాకా ఏడవలేదు. గోడకు ఆనుకుని అట్లాగే చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి జరిగి వచ్చి, రెండు చేతులతో ఆయన ఛాతీ మీద కొట్టడం మొదలుపెట్టింది.

"పోయేటోనివి కొలువుల ఉన్నప్పుడన్న పోకపోతివి! నెల కింద పోయినా నా కొడుకుకు బువ్వ పెట్టిపోదువు గద! గిప్పుడు పోయి ఎవల్ని సాదుదామని పోతివయ్యా! గీ నెల దినాలు నీకెందుకయ్యా, ఏం జేసుకున్నవయ్యా గీ నెల దినాలు!"

అంతమందిలో ఒక్కరు కూడా "అదేం మాట" అనలేదు. ముసలివాళ్లు తల ఊపారు. నల్లా దగ్గర బిందె జరిపినామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మాటలో నాకు కూడా తప్పేమీ కనబడలేదు. ఆమె చెప్పిన లెక్కే అక్కడున్న ప్రతి ఒక్కరి మనసులో నడుస్తున్నది.

కొడుకు అప్పటిదాకా కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె చేతులు రెండూ పట్టుకుని తండ్రి ఛాతీ మీది నుంచి తీశాడు. ఇంకా అరుస్తున్న ఆమె నోటి మీద తన అరచేయి పెట్టాడు.

"ఊకో అమ్మా" అన్నాడు. "బాపు వింటడు."